‘ఎదురుగా ఉన్న బోర్డు కనిపించదు, కింద పడ్డ రూపాయి కనిపిస్తుంది’.. మా పాప కళ్లకు ఏమైంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జగిత్యాల దగ్గర పల్లె. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదంటోంది. మూడుసార్లు అద్దాలు మార్చినా లాభం లేదు. నేల మీద పడ్డ రూపాయి బిళ్ల టక్కున తీస్తుంది, ఎదురుగా వచ్చే బస్సు బోర్డు మాత్రం చదవలేదు. నటిస్తోందని టీచర్ అన్నారు. చివరికి హైదరాబాద్‌లో పరీక్షలు చేసి స్టార్‌గార్ట్ జబ్బు అన్నారు, మందు లేదన్నారు. నేను మేనత్త కూతుర్నే చేసుకున్నాను. ఎనిమిదేళ్ల బాబు కూడా ఉన్నాడు. మా అమ్మ పాపకి రోజూ క్యారెట్ జ్యూస్ ఇస్తోంది. తెలిసినవాళ్లు చెప్పారని విటమిన్ ఎ గోళీలు, కాడ్ లివర్ ఆయిల్ గోళీలు వేస్తున్నాం. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో చూపు తిరిగొస్తుందని ఫోన్లో ప్రకటన చూశాం. చూపు మొత్తం పోతుందా? పాపకి జబ్బు సంగతి ఇంకా చెప్పలేదు.

జవాబు: మిగతాది తీరిగ్గా చదవండి గానీ, ముందు ఆ రెండు రకాల గోళీలూ ఈ పూటే ఆపేయండి. కంటికి విటమిన్ ఎ మంచిదని చిన్నప్పటి నుంచీ విన్న మాటే, తప్పు కాదు. కానీ ఈ ఒక్క జబ్బులో అది ఎక్కువైతే చేటు.

ఎందుకో చెబుతాను. కన్ను వెలుతురును పట్టుకోవడానికి వాడే ముడిసరుకు విటమిన్ ఎ. వాడిన ప్రతిసారీ కొంత వ్యర్థం మిగులుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసే ప్రొటీన్ ఒకటి రెటీనాలో, అంటే కంటి లోపల వెలుతురును పట్టే పొరలో ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఏబీసీఏ4. అది చెడితే వ్యర్థం పోగుపడుతుంది. పంచాయతీ ట్రాక్టర్ రాని వీధిలో చెత్త పేరుకున్నట్టు, రెటీనా వెనక పొరలో పసుపు మచ్చలుగా చేరి, నెమ్మదిగా చూపు కణాలను చంపుతుంది. ఎక్కువ దెబ్బ తినేది మాక్యులా, అంటే రెటీనా నట్టనడుమ ఉండే చిన్న చోటు. చదవడం, మొహాలు గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అన్నీ దాని పనే. జర్మన్ కంటి డాక్టర్ కార్ల్ స్టార్‌గార్ట్ 1909లో ఈ జబ్బు గురించి రాశారు. జన్యువు దొరికింది మాత్రం 1997లో.

క్యారెట్ సంగతి మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే ఇస్తున్నారు. కూరలో క్యారెట్, పాలకూర, గుడ్డు, పాలు మామూలుగా తినొచ్చు, భయం లేదు. గ్లాసుల కొద్దీ జ్యూస్ మాత్రం అవసరం లేదు. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ, కాబట్టి ఆదివారం ఆదివారం కార్జం వేపుడు పెట్టే అలవాటుంటే తగ్గించండి. బలం మందులు కొనేటప్పుడు డబ్బా మీద విటమిన్ ఎ ఉందేమో చూడండి.

ఇక టీచర్ మాట. నాకు కోపం వచ్చింది గానీ ఆశ్చర్యం కలగలేదు. ఈ జబ్బు మొదట్లో రెటీనా పైకి బాగానే కనిపిస్తుంది. అద్దాల పరీక్షలో ఏమీ తేలదు. డాక్టర్లే ‘పాప చదువు తప్పించుకుంటోంది’ అని పంపేసిన కేసులు చూశాను. మీ రూపాయి బిళ్ల సంగతికీ కారణం ఉంది. నడిమి చూపు తగ్గినా పక్కచూపు బాగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయిని నా మొహం చూడమంటే నా ఎడమ చెవి వైపు చూస్తుంది. అలా చూస్తేనే ఆమెకు నా మొహం అందుతుంది. పాడవని చోటును మెదడు తనంతట తానే వెతుక్కుంది. ‘మనిషి మాట్లాడుతుంటే ఎటో చూస్తావేం’ అని ఇంట్లో కసురుతున్నారట. మీ పాప కూడా అలా చూస్తుంటే కసరకండి. ఆ పక్కచూపుతో చదవడం నేర్పే శిక్షణ కూడా ఉంది.

పూర్తిగా చూపు పోతుందా అన్నారు. ఈ జబ్బులో కటిక చీకటి కావడం చాలా అరుదు. ఎక్కువమందిలో చూపు 6/60 దాకా, అంటే ఇతరులు 60 మీటర్ల నుంచి చూసే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గర చూసేంతకు తగ్గి, ఆ చుట్టుపక్కల ఆగుతుంది. చిన్న వయసులో మొదలైతే తగ్గే వేగం ఎక్కువే, ఆ మాట దాచను. అయినా నడవడం, ఇంట్లో తన పని తాను చేసుకోవడం పక్కచూపుతో సాగిపోతాయి. డ్రైవింగ్ ఆశ మాత్రం పెట్టకండి.

చూపు తెస్తామనే స్టెమ్ సెల్ ప్రకటన జోలికి పోవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్ వాళ్లు ముగ్గురు మహిళలకు, వాళ్ల ఒంట్లోని కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్లలోకి ఎక్కించారు. ముగ్గురికీ చూపు బాగా దెబ్బతింది. వాళ్లది వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. డబ్బు కట్టించుకుని మరీ చేశారు. 2017లో వైద్య పత్రికలో ఇది వచ్చింది. అసలైన ప్రయోగాల్లో రోగి దగ్గర పైసా తీసుకోరు. మన దేశంలో జరిగేవైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. వ్యర్థం పేరుకోకుండా చూసే మాత్రల మీద పరిశోధన గట్టిగానే నడుస్తోంది. జన్యు చికిత్స మాత్రం కష్టంగా ఉంది. ఏబీసీఏ4 చాలా పెద్ద జన్యువు, దాన్ని కంట్లోకి మోసుకెళ్లే వైరస్‌లో పట్టదు. ఆర్‌పీఈ65 అనే చిన్న జన్యువుకు అమెరికాలో 2017లోనే చికిత్సకు అనుమతి వచ్చింది, అది మీ పాపకు పనికిరాదు. ఇంకా చేయించకపోతే జన్యు పరీక్ష చేయించండి. ఇదే రూపంలో కనిపించే వేరే జబ్బులు కూడా ఉన్నాయి, పైగా రేపు ఏ మందు వచ్చినా ముందు అడిగేది ఆ రిపోర్టే.

మేనరికం గురించి మీ ఇద్దరూ ఒకరినొకరు నిందించుకోకండి. మీ ఇద్దరిలోనూ ఆ జన్యువు నకళ్లు రెండేసి, చెడినది ఒకటి, మంచిది ఒకటి ఉన్నాయి, అందుకే మీ చూపుకు ఏమీ కాలేదు. రెండు చెడ్డవీ పాపకే చేరాయి. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ, అంతే. బాబుకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అక్కకు వచ్చింది కాబట్టి తమ్ముడు తప్పించుకుంటాడని లెక్క వేయకండి, ప్రతిసారీ కొత్తగా గవ్వలు వేసినట్టే. బాబుకు సూది నొప్పి లేకుండా రెటీనా ఫొటోలు, ఓసీటీ స్కాన్ (రెటీనా పొరల్ని చూపే స్కాన్) తీస్తే చాలావరకు తెలిసిపోతుంది. పాప పెళ్లి ఇప్పుడు మాట్లాడాల్సిన విషయం కాదు గానీ, మళ్లీ మేనరికం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు పని. వచ్చే ఏడాది పది పరీక్షలు. దగ్గర్లో ఉన్న లో విజన్ విభాగానికి, అంటే చూపు బాగా తగ్గినవాళ్లకు సాయపడే చోటికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉంది. అక్కడ చదువుకునే భూతద్దాలు పాప చేతికిచ్చి చూపిస్తారు. పేపర్‌వెయిట్‌లా ఉండే గుండ్రటి అద్దం ఒకటి ఉంటుంది, పుస్తకం మీద పెట్టి వరుస వెంట జరుపుకుంటూ పోవడమే. పిల్లలకు అది తొందరగా నచ్చుతుంది. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చదివినా తిట్టకండి, దానివల్ల కళ్లు పాడవవు. క్లాసులో మొదటి బెంచీ అడగండి. బోర్డును ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకోవడానికి స్కూల్లో అనుమతి అడగండి. అదే ఫోన్లో టాక్‌బ్యాక్ పెడితే తెలుగులో చదివి వినిపిస్తుంది కూడా. ఎండలో టోపీ, యూవీ ఆపే రంగు కళ్లద్దాలు తప్పనిసరి. ఎండలోంచి ఇంట్లోకి రాగానే కాసేపు ఏమీ కనిపించదు, మెట్ల దగ్గర జాగ్రత్త.

వైకల్య సర్టిఫికెట్ (సదరం అనే పేరుతో ఇచ్చేవారు) ఎలా తీసుకోవాలో కనుక్కోండి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు. పరీక్షల ముందు పరుగెత్తితే పని కాదు, ఈ వేసవిలోనే హెడ్మాస్టర్‌తో మాట్లాడండి. సర్టిఫికెట్ తీసుకుంటే ‘వికలాంగురాలు’ అనే ముద్ర పడుతుందని కొందరు తల్లిదండ్రులు మానేస్తారు. ఆ మొహమాటానికి మార్కులు పోగొట్టుకునేది పిల్లలే.

ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. ఎప్పుడైనా తలుపు అంచు, గీతల నోట్‌బుక్ గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తే ఆగకుండా రండి. అరుదుగా రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుడతాయి, వాటికి ఇంజెక్షన్లు ఉన్నాయి.

పాపకు చెప్పండి, జబ్బు పేరుతో సహా. పద్నాలుగేళ్ల పిల్ల ఆసుపత్రి కాగితం మీద పేరు చూడకుండా ఉంటుందా? ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని మీకంటే ముందే వెతికే ఉంటుంది. మీరెప్పుడు చెబుతారా అని ఎదురుచూస్తూ ఉండొచ్చు.