పిల్లుల సంగతి తర్వాత, ముందు పాప తల చూపించండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నాలుగు పిల్లులున్నాయి. వాటిలో రెండు కూనలకు చెవుల దగ్గర బొచ్చు ఊడి పొట్టు రాలుతోంది. నా చేతి మీద తామర వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. ఏడేళ్ల మా పాపకు తలలో ఒకచోట గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు లేస్తోంది. పిల్లులను ఎవరికైనా ఇచ్చేయాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు పిల్లుల గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టింది పాప విషయం. పేనుకొరుకుడులోనూ జుట్టు గుండ్రంగానే ఊడుతుంది కానీ అక్కడ చర్మం నున్నగా ఉంటుంది. పొట్టు లేస్తోందంటే తామరను, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధిని, అనుమానించాలి. చూడకుండా నిర్ధారించలేను కనుక, ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ దగ్గరలో ఉన్న చర్మవ్యాధి నిపుణుల వద్ద గానీ చూపించి, వెంట్రుకలకు ఫంగస్ పరీక్ష చేయించండి. తలలో వచ్చే తామర వెంట్రుకల్లోకే చొచ్చుకుపోతుంది కాబట్టి పైపూతలతో నయం కాదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, నోటి ద్వారా మందు వాడాలి. పిల్లుల నుంచి సోకే మైక్రోస్పోరమ్ కేనిస్ రకం ఫంగస్‌కు పిల్లల్లో తరచుగా గ్రిసియోఫల్విన్ అనే మందు ఇస్తారు, మోతాదు బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి. ఆలస్యమైతే వాచి చీము పట్టి, ఆ చోట జుట్టు మళ్లీ మొలవకపోయే ప్రమాదం ఉంది.

ఇక మీ ట్యూబు. పేరు రాయలేదు గానీ, రాయగానే దురద తగ్గి, ఆపగానే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ వంటివి ఎరుపును, దురదను అణచివేస్తాయే తప్ప ఫంగస్‌ను చంపవు. లోలోపల అది విస్తరిస్తుంది, మచ్చ రూపు మారిపోయి వైద్యులమైన మాకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా చదువుకున్న కుటుంబాలు కూడా కౌంటర్ దగ్గర చేయి చాపి మందు అడుగుతుంటే బాధ కలుగుతుంది. దయచేసి దాన్ని ఆపేయండి, పాప తలకు అసలే రాయకండి, పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ ట్యూబును వెంట తీసుకెళ్లండి.

పిల్లులను ఇచ్చేయనవసరం లేదు. చికిత్స చేయించకుండా ఇస్తే జబ్బు మరో ఇంటికి చేరుతుంది. పైకి ఏ మచ్చా లేని పిల్లి కూడా ఫంగస్‌ను మోస్తూ ఉండవచ్చు కాబట్టి నాలుగింటినీ పశువైద్యులకు చూపించండి. మన మందులు వాటికి పూయకండి, నాకి మింగేస్తాయి. కూనలను, నేల కడగడానికి వీలైన ఒక గదిలో ఉంచి, రాలిన బొచ్చును రోజూ తడిగుడ్డతో తీసేయండి, దుప్పట్లను తరచూ ఉతకండి. ఆ బొచ్చులోని ఫంగస్ ఏడాదికి పైగా బతికి ఉండగలదు. బొచ్చు తిరిగి మొలిచిందని మందు ఆపకుండా, పశువైద్యులు మళ్లీ పరీక్షించి ఫంగస్ లేదని చెప్పేదాకా కొనసాగించండి.