తాడు లాగినా భూమి లాగినా లాగుడే కదా, ఒకటి అప్లైడ్ ఫోర్స్, ఇంకోటి కన్‌స్ట్రెయింట్ ఫోర్స్ అని ఎందుకు విడదీస్తారు?

లాగుడు లాగుడే, అందులో మీతో పేచీ లేదు. తేడా అంతా దాని లెక్క మనకు ముందే తెలుస్తుందా లేదా అన్నదగ్గరే ఉంది. ముందే తెలిసేది అప్లైడ్ ఫోర్స్: భూమి లాగుడంటే వస్తువు బరువే, స్ప్రింగ్ అయితే ఎంత సాగిందో చెబితే ఎంత లాగుతుందో చెప్పేయొచ్చు. తాడు అలా కాదు, దానిది కన్‌స్ట్రెయింట్ ఫోర్స్. మిగతా బలాలు ఏం చేస్తున్నాయో చూసుకుని, వస్తువు దారి తప్పకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే లాగుతుంది.

ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ట్యూషన్ చెప్పే రోజుల్లో, పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గరుండే స్ప్రింగ్ కాటా ఒకటి దూలానికి తగిలించా. దానికి పురికొసతో అర కిలో తూగే షట్టర్ తాళంకప్ప కట్టా. కదలకుండా ఉంటే ముల్లు అర కిలో దగ్గరే. కప్పను 60 డిగ్రీలు పక్కకు లాగి వదిలితే, అడుగుకొచ్చేసరికి ముల్లు ఇంచుమించు కిలో దాకా దిగింది. అవతలి కొసన పావు కిలోకి ఎగబాకింది. "సార్, కప్ప బరువు మారుతోందా?" అన్నాడొకడు. బరువు మారలేదురా, పురికొసే తన లాగుడు మారుస్తోంది అన్నా. అంతకుమించి చెప్పాల్సిన పని పడలేదు.

వాలుబల్ల మీది వస్తువును బల్ల నిలువుగా నెట్టే బలం నార్మల్, అదీ కన్‌స్ట్రెయింట్ ఫోర్సే. కోచింగుల్లో మాత్రం "నార్మల్ అంటే ఎంజీ కాస్ తీటా" అని రుద్దేస్తారు (ఎంజీ అంటే బరువు, తీటా అంటే వాలు కోణం). అదే వాలు, రాపిడి లేని బ్యాంక్ రోడ్డు మలుపయితే ఎంజీ బై కాస్ తీటా! వాలుబల్ల కిందే నున్నటి నేల ఉండి ఆ బల్ల కూడా జారిపోతుంటే ఎంజీ కాస్ తీటా కన్నా తక్కువ. ముందే తెలియదంటే ఇదే మరి.

ముందే తెలియని ఈ కన్‌స్ట్రెయింట్ బలాలను సమీకరణాల్లోంచి తప్పించే దారి డాలంబేర్ అనే గణితవేత్త 1743లో వేస్తే, లాగ్రాంజ్ అనే మరో గణితవేత్త 1788లో బొమ్మ ఒక్కటీ లేని పుస్తకంతో దాన్ని పూర్తిచేశాడు. కిటుకల్లా, కాలాన్ని ఆపేసి ఊహించుకున్న చిన్న కదలికలో ఆ బలాలన్నీ కలిసి చేసే పని సున్నా అనుకోవడమే. గైడ్లలో ఆ "ఊహించుకున్న" ఎగిరిపోయి "కన్‌స్ట్రెయింట్ ఫోర్స్ పని చేయదు" అని మిగులుతుంది. లిఫ్టులో మిమ్మల్ని పైకి మోసుకెళ్లే నేల పని చేయకుండానే మోస్తోందా?

ఇక జారుడు రాపిడి. నేల వల్లే పుడుతుంది, పనీ చేస్తుంది, పైగా నార్మల్ తెలిస్తే గానీ దాని లెక్క తేలదు. దాన్ని ఏ గూట్లో వేస్తారో మీ లెక్చరర్‌నే అడగండి.