పాత హెచ్‌పీ జెడ్620లో ప్రాసెసర్లు మార్చే ముందు బూట్ బ్లాక్ తేదీ చూడండి

నమస్కారం అండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న హెచ్‌పీ జెడ్620 వర్క్‌స్టేషన్‌లో రెండు ఇంటెల్ జియాన్ ఈ5-2620 ప్రాసెసర్లు ఉన్నాయని, వాటి బదులు ఈ5-2680 వీ2 (వీ2 అంటే రెండో తరం) జత వేసుకోవాలని ఉందని, బోర్డు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను విజయవాడలో ఆర్కిటెక్టులకు త్రీడీ వాక్‌త్రూలు చేసిపెడుతుంటాను. ఇదే మోడల్ మెషీన్లు రెండింటిలో ఇదే పని చేశాను. మొదటిసారి చాలా ఇబ్బంది పడ్డాను, రెండోసారి సాఫీగా అయిపోయింది. తేడా ఎక్కడొచ్చిందో చెబుతాను.

ప్రాసెసర్లు ఇంకా ఆర్డర్ పెట్టలేదు కదా? అయితే ముందు ఈ ఒక్క పని చేయండి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్10 నొక్కి సెటప్‌లోకి వెళ్లండి. ఫైల్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. అందులో బూట్ బ్లాక్ డేట్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ 12/30/2011 అని ఉంటే ఆ బోర్డు వీ2 ప్రాసెసర్లను తీసుకోదు. 03/06/2013 అని ఉంటే తీసుకుంటుంది. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది కాబట్టి రెండోది మార్చి 6 అని చదువుకోవాలి.

బయాస్ (కంప్యూటర్‌ను మేల్కొలిపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. కానీ బూట్ బ్లాక్ వేరు. పవర్ ఇవ్వగానే అన్నిటికంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం అది. మిగతా బయాస్ కొత్తదైనా ఈ ముక్క మాత్రం ఫ్యాక్టరీలో వేసినదే ఉండిపోతుంది. ఈ మెషీన్లు 2012లో వచ్చాయి, ఈ5-2600 మొదటి తరం ప్రాసెసర్లు కూడా ఆ ఏడాది మార్చిలోనే వచ్చాయి. వీ2 తరం 2013 సెప్టెంబర్‌లో వచ్చింది. రెండు తరాలూ ఒకే ఎల్‌జీఏ 2011 సాకెట్‌లో చక్కగా కూర్చుంటాయి. కూర్చుంది కాబట్టి పని చేస్తుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

నేనూ అలాగే తిన్నాను. తేదీ చూడకుండా వీ2 జత తెప్పించాను. అన్నీ బిగించి పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, బీప్‌లు వినిపించాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ మార్చి చూశాను, గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టాను, ఒక రాత్రంతా పోయింది. పాతవి తిరిగి వేస్తే వెంటనే ఆన్ అయింది. అప్పుడు తేదీ చూస్తే 2011. అమ్మినాయన వెనక్కి తీసుకోనన్నాడు. తప్పు నాదే కాబట్టి ఆయన్ని అనడానికి లేదు. ఆ జత ఎనిమిది నెలలు బీరువాలో ఉంది. చివరికి ఆ మెషీన్‌కి మొదటి తరంలోనే పెద్దవైన ఈ5-2670 జత వేశాను. ఎనిమిది కోర్లు, 2.6 గిగాహెర్ట్జ్. కాబట్టి మీ తేదీ 2011 అని తేలినా దిగులు పడకండి, మొదటి తరంలోనే మంచివి ఉన్నాయి. ఈ5-2670 కొనేటప్పుడు మూత మీద ఎస్ఆర్0కేఎక్స్ అని ఉన్నదే అడగండి. ఎస్ఆర్0హెచ్8 అన్నది అంతకు ముందు స్టెప్పింగ్, అంటే అదే ప్రాసెసర్ పాత కూర్పు. వర్చువల్ మెషీన్లకు గ్రాఫిక్స్ కార్డులాంటి డివైస్‌ని నేరుగా ఇచ్చే వీటీ-డీ అందులో సరిగా ఉండదు.

తర్వాత లీజు తీరి బయటికొచ్చిన ఇంకో జెడ్620 సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో దొరికింది. ఈసారి షాపులోనే ఆన్ చేయించి, ఎఫ్10 నొక్కి, 2013 తేదీ కళ్లతో చూశాకే డబ్బులిచ్చాను. బీరువాలోని జత అందులోకి వెళ్లింది.

ప్రాసెసర్ల ఎంపికలో ఇంకొన్ని. రెండూ ఒకే మోడల్, ఒకే కోడ్ ఉన్నవి కావాలి. మీరనుకుంటున్న 2680 వీ2 అయితే మూత మీద ఎస్ఆర్1ఏ6 అని చెక్కి ఉంటుంది. ఆ కోడ్ కనిపించేలా ఫొటో పంపమని అడగండి. ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే అవి అమ్మకానికి చేసినవి కావు, టెస్టింగ్ కోసం చేసిన శాంపిళ్లు. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి. ఈ5-1600 సిరీస్‌వి ఒక్కటిగానే పని చేస్తాయి, జతకు పనికిరావు. 150 వాట్ల 2687డబ్ల్యూ జోలికి పోకండి, ఈ కేబినెట్‌లో ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్‌కు అంత వేడి ఎక్కువ. 115 వాట్ల 2680 వీ2 నా లెక్కలో సరైన ఎంపిక.

బయాస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్లు ఉండగానే చేసేయండి. యూపీఎస్ లేకుండా మాత్రం వద్దు. మా వీధిలో మధ్యాహ్నం రెండు నిమిషాల కరెంటు కోత మామూలు, అది సరిగ్గా అప్‌డేట్ మధ్యలో వస్తే బోర్డు మూగబోతుంది. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందుగా సస్పెండ్ చేసి, రికవరీ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అప్‌డేట్ అయ్యాక పాత ప్రాసెసర్లతోనే రెండు రోజులు వాడండి. తర్వాత ఏదైనా తేడా వస్తే బయాస్ వల్ల కాదని మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు చేతిపని. నాకు అసలు భయం వేసింది ఇక్కడే, కాస్త వివరంగా రాస్తాను.

పొద్దున్నే మొదలుపెట్టండి. మే నెల మధ్యాహ్నం సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే దుమ్ము పడుతుంది, ఫ్యాన్ ఆపితే చెమట పడుతుంది. ఒక్క చుక్క సాకెట్‌లో పడినా ఆ ఉప్పునీళ్లను బయటికి తీయడం మన వల్ల కాదు. నేను నుదుటికి తువ్వాలు కట్టుకుని చేశాను. పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన ఛార్జ్ దిగిపోతుంది. ఏ భాగం తాకే ముందైనా కేబినెట్ ఇనుప చట్రాన్ని చేత్తో పట్టుకోండి. మామూలుగా వాడేటప్పుడు కేబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటోందా? అయితే ఆ ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ సరిగా లేనట్టే. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది సరిచేయించండి.

కేబుల్ పీకే ముందు ఒక పావుగంట ఏదైనా రెండర్ నడిపితే ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పాత పేస్ట్ మెత్తబడుతుంది, హీట్‌సింక్ సులువుగా వస్తుంది. జెడ్620లో రెండో ప్రాసెసర్ రైజర్ అనే విడి బోర్డు మీద ఉంటుంది, దాని ర్యామ్ కూడా అక్కడే. ముందు ఆ రైజర్‌ని తీసి టేబుల్ మీద పెట్టేస్తే మెయిన్ బోర్డు దగ్గర చెయ్యి బాగా ఆడుతుంది. హీట్‌సింక్ స్క్రూలను ఒకటి పూర్తిగా విప్పి ఇంకొకదానికి వెళ్లకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా వదులు చేయండి. రాకపోతే పైకి లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా తిప్పండి.

హీట్‌సింక్ వచ్చాక సాకెట్ లీవర్లు వెంటనే ఎత్తకండి. పాత ప్రాసెసర్ సాకెట్‌లో బిగించి ఉండగానే దాని మూత మీది పేస్ట్ అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. అలా చేస్తే ఎండిపోయిన పేస్ట్ పెళ్లలు సాకెట్‌లో పడవు. తుడవడానికి లెన్స్ తుడిచే గుడ్డ వాడండి, దూది వద్దు. నా మొదటి మెషీన్‌లో వీ2లు పనిచేయక మళ్లీ విప్పుతున్నప్పుడు విసుగులో సాకెట్ తెరిచి ఉంచి, దాని పక్కనే ఇయర్ బడ్స్‌తో హీట్‌సింక్ తుడిచాను. దూది పోగు ఒకటి సాకెట్‌లో పడింది. ఊదితే పోలేదు. చేత్తో లాగితే ఒక పిన్ను దాంతోపాటు పక్కకు వాలింది.

ఆ సంగతి వెంటనే తెలియలేదు. అన్నీ బిగించి ఆన్ చేస్తే 32 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 28 మాత్రమే కనిపించింది. ఒక 4 జీబీ స్టిక్ మాయం. దాన్ని వేరే స్లాట్‌లో పెడితే బాగానే ఉంది, దాని చోట ఏ స్టిక్ పెట్టినా కనబడదు. ఈ ప్రాసెసర్లలో ర్యామ్ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ఒక పిన్ను తగలకపోతే ర్యామ్‌కు వెళ్లే ఒక దారి (ఛానెల్) పోతుందని అప్పుడు తట్టింది. మళ్లీ విప్పి, గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ని సాకెట్‌కు పక్కగా ఏటవాలుగా పట్టుకున్నాను. 2011 పిన్నులూ వరి నారు వేసినట్టు ఒకే వాలులో మెరుస్తుంటే, మూల దగ్గర ఒక్కటి వేరే వైపు చూస్తోంది. సన్న కుట్టుసూది మొనతో, ఊపిరి బిగబట్టి, దాన్ని పక్కవాటి వరుసలోకి నెట్టాను. 32 జీబీ మళ్లీ కనిపించింది. ఆ పిన్ను విరిగి ఉంటే బోర్డు పోయినట్టే. మీకు ఒకటి కంటే ఎక్కువ వంగితే సొంతంగా ప్రయత్నించొద్దు. మైక్రోస్కోప్ ఉన్న మొబైల్ రిపేర్ షాపుకు బోర్డు తీసుకెళ్లండి, వాళ్ల చేతికి ఇలాంటి పని అలవాటు.

సాకెట్‌కు రెండు లీవర్లు ఉంటాయి. ఏది ముందు తెరవాలో దాని పక్కన గుర్తు ఉంటుంది, మూసేటప్పుడు అదే క్రమం తిరగేయాలి. ప్రాసెసర్‌ని రెండు అంచులతో పట్టుకుని, బంగారు త్రిభుజం గుర్తు సాకెట్ మీది గుర్తుతో కలిసేలా చూసి, నిలువుగా కిందికి దించి వదిలేయండి. అది తన బరువుతోనే కూర్చోవాలి. జరపడం, నొక్కడం చేయొద్దు. లీవర్ మూసేటప్పుడు మాత్రం కొంత బలం పడుతుంది, అది మామూలే. మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి, హీట్‌సింక్ స్క్రూలు మళ్లీ ఎదురెదురుగా బిగించండి. ఫ్యాన్ వైరు పెట్టడం మరిచిపోకండి.

ఇప్పుడే రైజర్ పెట్టకండి. మెయిన్ బోర్డులో ఒక్క కొత్త ప్రాసెసర్‌తోనే ఆన్ చేయండి. మొదటిసారి ఎక్కువ సేపు పట్టవచ్చు, తనంతట తానే ఆగి మళ్లీ ఆన్ కావచ్చు, కంగారుపడి పవర్ తీసేయొద్దు. ఎఫ్10లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ మొత్తం సరిగ్గా ఉంటే ఆపి, కేబుల్ పీకి, అప్పుడు రైజర్ మీది ప్రాసెసర్ మార్చండి. నేను మొదటి మెషీన్‌లో రెండూ ఒకేసారి మార్చడం వల్లే తప్పు ఎక్కడుందో తెలియక రాత్రంతా కూర్చున్నాను. ర్యామ్ రెండు ప్రాసెసర్లకూ సమానంగా పంచండి, ఒక్కోదానికి నాలుగు స్టిక్కులుంటే నాలుగు ఛానెళ్లూ పని చేస్తాయి. ర్యామ్‌లో రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ అని రెండు రకాలుంటాయి, ఆ రెండింటినీ కలపకూడదు.

ఆ తర్వాత ఒక రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్, మరుసటి రోజు గంటసేపు ప్రాసెసర్ల మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 నడపండి. నా రెండో మెషీన్‌లో పూర్తి లోడ్ మీద రెండు ప్రాసెసర్లూ 75 డిగ్రీల దగ్గర నిలిచాయి. ఒకటి రెండోదానికంటే పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే దాని హీట్‌సింక్ సరిగా కూర్చోలేదని అర్థం, మళ్లీ విప్పి పేస్ట్ వేయాల్సిందే.

ఇంత కష్టానికి ఫలితం ఉంటుందా అంటే, నా పనికి ఉంది. నేను ఎప్పుడూ టెస్ట్‌కు వాడే బ్లెండర్ సీన్ ఒకటి రెండు 2620లతో 41 నిమిషాలు పట్టేది. మొదటి మెషీన్‌లో 2670ల తర్వాత 24, రెండో దాంట్లో 2680 వీ2లతో 19. కానీ మీ పని పెళ్లి ఆల్బమ్‌లు, ఫొటోషాప్ అయితే ఇరవై కోర్లలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఆ డబ్బుతో ఎస్ఎస్‌డీ వేసుకుంటే తేడా వెంటనే కనిపిస్తుంది. ఇంకో మాట కూడా ముందే తెలుసుకోండి. ఈ ప్రాసెసర్లలో లెక్కలు వేగంగా చేసే ఏవీఎక్స్ అనే ఆదేశాల సెట్ ఉంది, దాని తర్వాతిదైన ఏవీఎక్స్2 లేదు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏవీఎక్స్2 తప్పనిసరి అంటుందేమో చూడండి. విండోస్ 11కు ఇవి అధికారికంగా పనికిరావు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నేను రెండింటిలోనూ లైనక్స్ వేసుకున్నాను.

తీసిన 2620లను కొత్తవి వచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి కనీసం నెల రోజులు దాచండి, ఏదైనా అనుమానం వస్తే వాటిని వేసి చూడటం కన్నా సులువైన పరీక్ష లేదు. బూట్ బ్లాక్ తేదీ చూశాక ఇక్కడ రాయండి. 2011 వస్తే ఏ మోడల్ తీసుకోవాలో మీ పనిని బట్టి చూసి చెబుతాను.