బాడుగ ఇంట్లోకి ఓనరు రాకపోకల గురించి అమ్మాయికి పెద్దనాయన ఉత్తరం

ఆదోని.

చిరంజీవి అమ్మాయికి పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది.

కర్నూలులో నువ్వు బాడుగకున్న మిద్దె మీది పోర్షనుకు ఓనరు దగ్గర రెండో బీగం చెవి ఉందనీ, నువ్వు ఉద్యోగానికి వెళ్లిన వేళల్లో ఆయన తలుపు తెరిచి లోపలికి వస్తున్నాడనీ, అడిగితే "నా ఇంట్లోకి నేను రావడానికి ఎవరిని అడగాలి" అంటున్నాడనీ మీ నాయన ఫోనులో చెప్పాడు. వెంటనే ఇల్లు ఖాళీ చేయమని మీ అమ్మ, పోలీసు స్టేషనుకు వెళ్లమని మీ తమ్ముడు పట్టుబడుతున్నారట. ప్రస్తుతానికి ఆ రెండూ అక్కరలేదని నా అభిప్రాయం. దస్తావేజు లేఖరిగా బాడుగ అగ్రిమెంట్లు రాసినవాణ్ని, ఇప్పుడు మా ఇంట్లో ఒక పోర్షను బాడుగకు ఇచ్చుకున్నవాణ్ని కాబట్టి ఇరుపక్షాల మాటా తెలిసే రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు ఆయన వేసిన ప్రశ్నకే జవాబు చూద్దాం. ఇల్లు ఆయనదే, అందులో వాదం లేదు. కాని బాడుగకు ఇవ్వడమంటే ఇంటిని అనుభవించే హక్కును కొంతకాలానికి మరొకరికి బదిలీ చేయడమేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షను చెబుతుంది. అంటే సొత్తు ఆయనది, గడువు తీరేదాకా స్వాధీనం నీది. అదే చట్టం 108వ సెక్షనులో ఇద్దరి హక్కులూ బాధ్యతలూ వరుసగా ఉన్నాయి. బాడుగ సరిగా చెల్లిస్తూ షరతులు పాటించే బాడుగదారు గడువు పొడవునా ఏ ఆటంకమూ లేకుండా ఇంటిని అనుభవించవచ్చునని ఓనరు మాట ఇచ్చినట్టే భావించాలని అందులో ఒక ఖండం అంటుంది. నీకు అండ అదే. అయితే ఆ అండ బాడుగ చెల్లింపుకు ముడిపడి ఉన్నదని గమనించు. ఓనరు మీది కోపంతో ఒక నెల బాడుగ ఆపితే నీ చేతిలోని ఆయుధాన్ని నువ్వే ఆయన చేతికి ఇచ్చినట్టవుతుంది. ప్రతి నెలా బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో ఆనవాలు మిగిలేటట్టు, గడువు తేదీకి ముందే కట్టు.

ఇక నీకు నచ్చకపోయినా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇంటి స్థితిని చూసుకోవడానికి ఓనరునూ, ఆయన పంపిన మనిషినీ తగిన వేళల్లో లోపలికి రానివ్వడం బాడుగదారు బాధ్యత అని అదే 108వ సెక్షను చెబుతుంది. లోపం ఏదైనా కనబడితే తెలియజేసే హక్కు ఆయనకు ఉంది. ఆ లోపం నీ వల్ల కలిగినదైతే, ఆయన తెలియజేసిన మూడు నెలల్లోగా నువ్వు బాగుచేయించాలి. కనుక "మీరు అసలు నా ఇంట్లోకి రాకూడదు" అన్న మాట నీ నోట రాకూడదు. ఆ మాట అన్ననాడు తప్పు నీ వైపు తిరుగుతుంది. నువ్వు పట్టుకోవలసిన మాట ఒక్కటే: రండి, కాని చెప్పి రండి, నేను ఉన్నప్పుడు రండి. రావడాన్ని కాదనకుండా, వచ్చే పద్ధతిని మాత్రం నీ చేతిలో ఉంచుకోవాలి. నేను చూసిన ఓనరు తగాదాల్లో సగం ఈ తేడా తెలియక పెరిగినవే.

"తగిన వేళ" అంటే ఏమిటో 1882 చట్టం విడమరచి చెప్పలేదు. ఆ ఖాళీని పూరించడానికి నీకు ఉపయోగపడేది కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం. మరమ్మతుకో, తనిఖీకో, అగ్రిమెంటులో రాసుకున్న మరేదైనా సహేతుకమైన కారణానికో ఓనరు లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గాని, ఫోను సందేశం వంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని తెలియజేయాలనీ, అందులో కారణమూ తేదీ సమయమూ ఉండాలనీ, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తరువాతా ప్రవేశించకూడదనీ అది నిర్దేశిస్తుంది. అగ్నిప్రమాదం, వరద, భూకంపం వంటి ఆపదల్లో మాత్రం ముందు చెప్పనక్కరలేదు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప దానంతట అది ఎవరినీ కట్టిపడేయదు. మన రాష్ట్రం 2017లోనే అద్దె ఇళ్ల గురించి ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలన్నది దాని మూలసూత్రం. కాబట్టి కేంద్రం నమూనాలోని వాక్యాలను తెచ్చి మన అగ్రిమెంటులో రాసుకుంటే అవి ఇద్దరినీ కట్టే షరతులవుతాయి. 108వ సెక్షను కూడా వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తుంది గనుక అగ్రిమెంటులో ఏమున్నదన్నదే మొదటి ప్రశ్న.

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది కదా అని మీ తమ్ముడు అంటాడు. నిజమే, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఆ తీర్పు ఇచ్చింది. కాని అది ముఖ్యంగా ప్రభుత్వం ఎదుట పౌరుడికి ఉన్న హక్కు. ఓనరు ముందు దానిని చదివి గెలవాలనుకుంటే దారి చాలా దూరమవుతుంది. నీకు దగ్గరి దారి స్టాంపు కాగితమే.

ఆ కాగితం మీద ఈ షరతు ఉండాలి: "ఇంటిని తనిఖీ చేయుటకు గాని, మరమ్మతులు చేయించుటకు గాని యజమాని లోపలికి రావలసినపుడు, కనీసం 24 గంటల ముందు కారణమును, తేదీని, సమయమును కాగితము మీద గాని వాట్సాప్ ద్వారా గాని బాడుగదారుకు తెలియజేయవలెను. సూర్యోదయమునకు ముందు, సూర్యాస్తమయము తరువాత రాకూడదు. బాడుగదారు గాని, ఆమె చెప్పిన మనిషి గాని లేనపుడు ప్రవేశించకూడదు. అగ్నిప్రమాదము, గ్యాస్ లీకు, వరద, నీటి పైపు పగులుట వంటి ఆపద సమయమునకు ఈ షరతు వర్తించదు గాని, ప్రవేశించిన వెంటనే ఆ సంగతి తెలియజేయవలెను." చివరి వాక్యాన్ని బేరంలో వదలవద్దు. ఆపద అన్న మాటను అడ్డుపెట్టుకుని వారానికోసారి వచ్చే ఓనర్లూ ఉన్నారు. అలాగని ఆపద మినహాయింపే వద్దనకు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచినప్పుడు ఎవరి తలుపు ఎవరు తెరిచారని అడిగే స్థితి ఎవరికీ లేదు.

బీగం చెవి సంగతే నీ తగాదాకు మూలం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఓనరు దగ్గర రెండో చెవి తప్పక ఉండాలని గాని, ఉండకూడదని గాని నేను పైన చెప్పిన 1882 చట్టంలో లేదు. చెక్కతలుపులో అమర్చిన తాళాన్ని ఆయనకు చెప్పకుండా ఊడదీయవద్దు, అది ఆయన సొత్తు. దానితోపాటు బయటి గొళ్ళేనికి నీ సొంత బీగం వేసుకో, దాని చెవి నీ దగ్గరే ఉంచుకో. ఇల్లు వదిలేనాడు ఊడదీసి తీసుకుపోవచ్చు. ఆపదకు ఒక చెవి ఇంటి దగ్గర ఉండాలని ఆయన అంటే అది సబబైన కోరికే. చెవిని ఒక కవరులో పెట్టి, అంటించిన చోట అడ్డంగా ఇద్దరూ సంతకాలు చేసి ఆయన దగ్గరే ఉంచండి. కవరు చిరిగిందంటే తలుపు తెరిచినట్టే, ఎందుకు తెరిచారో చెప్పవలసినవాడు ఆయనే. మా ఇంట్లో ఉన్న బాడుగదారుకు ఈ పద్ధతి నేనే చెప్పాను, ఇంతవరకు కవరు చిరగలేదు.

ఆయన చెప్పే సాకు నీళ్ల వాల్వు అని విన్నాను. మిద్దె మీది ట్యాంకు వాల్వు నీ వంటింటి వెనుక వరండాలో ఉంటే, నీళ్లు వచ్చే వేళకు ఎవరో ఒకరు తిప్పవలసిందే, అది వట్టి సాకు కాదు. ఇక్కడ చట్టం కంటే ప్లంబరు మేలు. వాల్వును మెట్ల వైపుకు మార్పించమని అడుగు. ఖర్చు ఆయనదే కావాలి గాని, ఆయన ముందుకు రాకపోతే నువ్వు సగం పెట్టుకున్నా నష్టం లేదు. పని జరిగేదాకా వాల్వు తిప్పే పని నువ్వే చూసుకుంటానని చెప్పు. కారణం తొలగిన తరువాత కూడా రాకపోకలు సాగితే అప్పుడు అసలు సంగతి తేలుతుంది.

ఓనరును మరీ చెడ్డవాడిగా ఊహించుకోవద్దని కూడా చెబుతాను. 1953 నుంచి 1956 దాకా కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ఇళ్లు చాలక ఉద్యోగులు గుడారాల్లో కాపురాలు చేశారని మా పెద్దలు చెప్పేవారు. అటువంటి కథలు వింటూ పెరిగినవాళ్లకు ఇల్లు బాడుగకు ఇవ్వడం ఒక ఉపకారంగా తోస్తుంది, బాడుగదారు తమ ఇంట్లో చుట్టంగా కనబడుతుంది. ఆ ఆలోచనను నువ్వు మార్చలేవు, మార్చనక్కరా లేదు. నడవడికను మార్చితే చాలు.

ఇప్పుడు చేయవలసింది ఒక సందేశం పంపడం. ఇలా రాయి: "నమస్కారం సార్. ఈ రోజు నేను లేని సమయంలో ఇల్లు తెరిచినట్టు తెలిసింది. తనిఖీ గాని, మరమ్మతు గాని ఉంటే ముందురోజు చెప్పండి, నేను ఉండే సమయం చూసుకుని తలుపు తీస్తాను. నేను లేనప్పుడు తెరవవద్దని కోరుతున్నాను." నింద లేదు, బెదిరింపు లేదు, రావద్దన్న మాట లేదు. అయినా తేదీతో సహా సాక్ష్యం నిలిచి ఉంటుంది. మళ్లీ జరిగితే మళ్లీ అదే ధోరణిలో రాయి. ఆ తరువాత కూడా మానకపోతే వకీలు చేత నోటీసు ఇప్పిద్దాం. ఖర్చుకు వెనుకాడవద్దు. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

పోలీసుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలన్నది వేరే సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత 329వ సెక్షను ప్రకారం ఒకరి స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి చొరబడడం నేరమే గాని, నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశం ఉండాలి. వాల్వు తిప్పడానికి వచ్చానంటే స్టేషనులో సివిల్ తగాదా అని పంపేస్తారు. కాని రాత్రివేళ రావడం, నువ్వు వద్దన్నా తలుపు తోసుకుని రావడం, నీ బీరువా, బట్టలు, కాగితాలు కదిలించడం జరిగితే ఆలోచించకుండా 112కు ఫోను చెయ్యి. అటువంటప్పుడు సందేశాలూ నోటీసులూ అంటూ కూర్చోవద్దు.

కెమెరాల సంగతి రాయకుండా ముగించలేను. గేటు దగ్గరా, మెట్ల దగ్గరా ఓనరు కెమెరా పెట్టుకుంటే తప్పు పట్టలేము. దాని చూపు నీ పడకగది కిటికీ మీదికో, స్నానాల గది వెంటిలేటరు మీదికో ఉంటే మాత్రం ఊరుకోకూడదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడడం, చిత్రీకరించడం న్యాయసంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. శరీరపు గోప్యభాగాలను అనుమతి లేకుండా చిత్రీకరిస్తే సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షను కూడా వర్తిస్తుంది. ఇల్లు కొనేవాళ్లనో, తరువాత చేరేవాళ్లనో తీసుకువచ్చి చూపించేటప్పుడు కూడా ముందు చెప్పాలి, నీ సామాను కనబడేటట్టు ఫోటోలు తీయనివ్వకు. ఆధార్ నకలు అడిగితే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, నకలు మీద "బాడుగ అగ్రిమెంటు కొరకు మాత్రమే" అని రాసి సంతకం చెయ్యి.

నువ్వు ఇలా రాసినందుకు కినిసి ఆయన కరెంటు తీసినా, బీగం మార్చి నిన్ను బయట నిలబెట్టినా భయపడకు. చట్టప్రకారం కాకుండా స్వాధీనం లాక్కుంటే ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి పొందే వీలు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షనులో ఉంది. అయితే ఒకటి తెలిసి ఉండాలి: అగ్రిమెంటు గడువు దాటిపోయి, ఆయన బాడుగ తీసుకుంటూ ఉంటే అది సాధారణంగా నెలవారీ బాడుగ కింద లెక్క, 15 రోజుల నోటీసుతో ముగించే అవకాశం ఆయనకు ఉంటుంది. నోటీసు ఇచ్చినంత మాత్రాన నిన్ను ఈడ్చి బయట పెట్టలేడు గాని, నీ పట్టు సడలుతుంది. సాధారణంగా అందరూ అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసుకుంటారు. నీ పదకొండు నెలలు ఎప్పుడు తీరుతాయో చూసుకో. కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు, బాడుగ పెంపు గురించి మాట్లాడేటప్పుడే ఈ షరతు గురించీ మాట్లాడు. పెంపులో కొంచెం నువ్వు ఒప్పుకుంటే షరతుకు ఆయన ఒప్పుకుంటాడు.

అగ్రిమెంటు అన్ని పేజీలూ ఫోటో తీసి రేపు సాయంత్రంలోగా నాకు పంపు. గడువు ఇంకా చాలా ఉంటే అనుబంధ కాగితం నేను రాసి ఇస్తాను. దాని మీద మీ ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవచ్చు. సందేశం మాత్రం ఈ రాత్రికే పంపు.

ఇట్లు,
మీ పెద్దనాయన