కదలకుండా కూర్చునేవారికి ఆన్‌లైన్ వ్యాయామ కార్యక్రమాలు పనికొస్తాయా?

విజయనగరంలో కొట్టు నడిపే మీ నాన్నగారు పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటున్నారని, ఫోన్‌లో వచ్చే వ్యాయామ కార్యక్రమం ఆయనకు ఉపయోగపడుతుందా అని అడిగారు. ఉపయోగపడుతుంది, కానీ అది నిజంగా ఆయన కోసం తయారైనదై ఉండాలి.

పేరు పెట్టి పలకరించినంత మాత్రాన కార్యక్రమం వ్యక్తిగతమైపోదు. ఇప్పుడు ఎంత నడుస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయా, ఏ వేళ తీరిక దొరుకుతుంది అని ముందే అడిగి, ఆ జవాబులను బట్టి లక్ష్యం పెట్టి, ఆయన నమోదు చేసిన అడుగులను చూసి వారం వారం దాన్ని సవరించేదే అసలైనది. రోజుకు 2,500 అడుగులు వేసే మనిషికి మొదటి రోజే 10,000 అని చెప్పడం సరికాదు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన, అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని పెట్టిన పేరు వల్ల ప్రచారమైందే గాని వైద్యులు నిర్ణయించినది కాదు. 3,000తో మొదలుపెట్టి, కొట్టు తెరవకముందు అయ్యకోనేరు గట్టు మీద పది నిమిషాలు నడిస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామానికి (చురుగ్గా నడవడం లాంటిది) మెల్లగా చేరుకోవచ్చు.

తొలి వారాల ఉత్సాహం తగ్గి చాలామంది యాప్ తెరవడమే మానేస్తారు, కాబట్టి ఆ సమయంలో మీరు కూడా ఆయనతో కలిసి నడవండి. గుండె జబ్బు ఉన్నా, షుగరుకు మందులు వాడుతున్నా ముందుగా డాక్టరుగారిని అడగడం తప్పనిసరి.