రాత్రి సీన్లకు ఫిల్మా, డిజిటలా? ఐఎస్ఓ ఒక్కటే చూసి తేల్చకండి

మీ కథ చాలావరకు రాత్రిపూటే నడుస్తుంది, పెద్ద లైట్లు వాడే ఉద్దేశం లేదు, దర్శకుడు మాత్రం ఫిల్మ్ మీదే తీయాలంటున్నారు. ఐఎస్ఓ (వెలుగుని పట్టే చురుకుని చెప్పే అంకె) లెక్కన డిజిటల్ ఎప్పుడో గెలిచేసింది కదా, ఇంకా ఆలోచించాల్సింది ఏముంది అని అడిగారు. చాలానే ఉంది. నేను మొదట కెమెరా అసిస్టెంటుగా ఫిల్మ్ మీద, తర్వాత సొంతంగా డిజిటల్‌లో రాత్రి షూటింగులు చేశాను. మీ సినిమాకి నా ఓటు డిజిటల్‌కే, కానీ దానికి ముఖ్య కారణం ఐఎస్ఓ కాదు.

అయినా ముందు ఆ లెక్కే చూద్దాం. తక్కువ వెలుగు అనగానే ఫిల్మ్ వైపు గుర్తొచ్చేది కొడాక్ విజన్3 500టి అనే ఫిల్మ్, అందులో 500 అంటే దాని ఐఎస్ఓ. 35 ఎంఎంలో దీని నంబరు 5219, 16 ఎంఎంలో 7219. ఆ 500 కూడా 3200 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు వెచ్చగా, పసుపుగా ఉంటుంది) టంగ్‌స్టన్ బల్బుల వెలుగులోనే. పగటి రంగు లైట్ల కింద 85 అనే నారింజ రంగు ఫిల్టర్ పెడితే 320కి దిగిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు, మామూలు షట్టర్, లెన్స్ ఎఫ్ 1.4 అనుకుంటే, 500 స్పీడుకి సరైన ఎక్స్‌పోజర్ రావాలంటే ముఖం మీద 5 ఫుట్‌క్యాండిళ్ల వెలుగు పడాలి. సోనీ వెనిస్ అనే డిజిటల్ కెమెరాలో 2500 బేస్ ఐఎస్ఓ పెట్టుకుంటే అదే లెన్స్‌కి ఒక్క ఫుట్‌క్యాండిల్ చాలు. అంటే అడుగు దూరంలో వెలుగుతున్న ఒక కొవ్వొత్తి ఇచ్చేంత.

కాగితం మీద ఇది రెండు స్టాపుల పైచిలుకు తేడా (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). సెట్‌లో ఇంకా పెరుగుతుంది. రాత్రి సీన్‌లో ముఖాన్ని ఎవరూ పూర్తి ఎక్స్‌పోజర్‌లో పెట్టరు, ఒకటో రెండో స్టాపులు కిందకే ఉంచుతారు. అప్పుడు ముఖం వెనకున్న గోడ, జుట్టు, బట్టల మడతలు ఇంకా కిందకి పోతాయి. నెగటివ్‌కి అక్కడ అందే వెలుగు దాదాపు ఉండదు. దాన్ని డీఐలో, అంటే తర్వాత కంప్యూటర్‌లో రంగు, వెలుగు సరిచేసే దశలో, పైకి లాగితే నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగులోకి తిరిగి గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు) లేస్తుంది. అందుకే చాలామంది కెమెరామెన్ 500టిని 320 లేదా 400 అనుకుని కొలుస్తారు, నెగటివ్‌కి కాస్త ఎక్కువే పట్టిస్తారు. ల్యాబ్‌లో ఒక స్టాప్ పుష్ చేయించవచ్చు, అంటే ఫిల్మ్‌ని ఎక్కువసేపు డెవలప్ చేయించడం. కానీ దానివల్ల కాంట్రాస్ట్, గ్రెయిన్ పెరుగుతాయే తప్ప, నెగటివ్ మీద అసలు పడని వెలుగు కొత్తగా రాదు.

ఇక ఫిల్మ్ గెలిచే చోటు. ఫ్రేమ్‌లోనే బల్బు, మంట, హెడ్‌లైట్ లాంటివి కనబడుతున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. చేతిలో లాంతరు పట్టుకుని ఒకామె పొడవాటి వరండాలో నడిచి వచ్చే షాట్ రెండు రకాలుగానూ తీయడం చూశాను. ఫిల్మ్‌లో మంట నడిమి భాగం పసుపు, దాని చుట్టూ నారింజ, గాజు మీద పలచని మెరుపు, అన్నీ ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి మెల్లగా కలిసిపోయాయి. డిజిటల్‌లో మంట తెల్లటి మచ్చైపోయింది, దాని అంచు చుట్టూ గీసినట్టు ఒక పసుపు వలయం. 2010లో ఆరి అలెక్సా కెమెరా వచ్చాక ఈ విషయంలో డిజిటల్ చాలా బాగుపడిన మాట నిజం. అయినా బల్బు ఫ్రేమ్‌లో ఉంటే ఇప్పటికీ జాగ్రత్త పడాల్సిందే. డిమ్మర్ పెట్టి బల్బును తగ్గించాలి, లేదా కెమెరా వైపున్న సగానికి మాత్రం ఎన్‌డీ జెల్ (రంగు మార్చకుండా వెలుగుని తగ్గించే బూడిద రంగు షీటు) చుట్టాలి. అప్పుడు ముఖం మీద పడే వెలుగు తగ్గదు, కెమెరాకి కనబడే బల్బు మాత్రం చల్లబడుతుంది.

కొవ్వొత్తి వెలుగు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ వెలుగు దాదాపు 1900 కెల్విన్, అందులో నీలం దాదాపు ఉండదు. డిజిటల్ సెన్సర్లు సహజంగా పగటి వెలుగుకి దగ్గరగా ఉంటాయి కాబట్టి, వైట్ బ్యాలెన్స్‌ని కొవ్వొత్తికి సరిపెట్టబోతే కెమెరా నీలం చానల్‌ని బలవంతంగా పెంచుతుంది. దానితోపాటే నాయిస్ (బొమ్మలో కదిలే చుక్కలు) కూడా పెరుగుతుంది. నల్ల కోటు మడతల్లో నీలి చుక్కలు కదులుతున్నట్టు కనబడతాయి, పెద్ద తెర మీద మరీ స్పష్టంగా. 500టి మొదటినుంచీ టంగ్‌స్టన్ కోసం తయారైంది, దాని నీలం పొర స్వతహాగానే చురుకైనది. కాబట్టి వెచ్చటి వెలుగులో ఐఎస్ఓ తేడా మీరు అనుకున్నంత ఉండదు. డిజిటల్‌లో తీస్తే బ్యాలెన్స్ 3200 దగ్గరే ఆపి ఆ వెచ్చదనాన్ని అలాగే వదిలేయండి. నీడల్లోకి పక్కనుంచి ఒక చిన్న చల్లటి లైట్ కొద్దికొద్దిగా పంపినా చాలు, నీలం చానల్‌కి ఊపిరి ఆడుతుంది.

ఇంత చెప్పి కూడా డిజిటల్ అంటున్నానంటే, మీరు చెప్పిన పరిస్థితుల్లో తీస్తున్నప్పుడే బొమ్మ కనబడటం చాలా ముఖ్యం. 50 ఎంఎం లెన్స్ ఎఫ్ 1.4లో పెట్టి రెండు మీటర్ల దూరంలో నటుణ్ణి తీస్తే, ఫోకస్‌లో ఉండే లోతు జానెడులో సగం. నటుడు మాట్లాడుతూ కాస్త ముందుకు వంగితే కళ్లు పోతాయి. ఫిల్మ్ కెమెరా వ్యూఫైండర్ ఆ చీకట్లో మసకగా, మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఫోకస్ పుల్లర్ (షాట్ నడుస్తుండగా ఫోకస్ సరిచేసే అసిస్టెంట్) టేపు కొలతల మీద, తన అంచనా మీద లాగించాలి. షాట్ వచ్చిందో లేదో ల్యాబ్ నుంచి రష్‌లు (కడిగిన ఆ రోజు షాట్లు) వచ్చాకే తెలుస్తుంది. ఆ టెన్షన్‌లో నటులు అలసిపోయేదాకా టేకులు తీస్తూనే ఉంటారు. పైగా 400 అడుగుల 35 ఎంఎం రోలు నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది.

మానిటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. చీకట్లో గంటసేపు కూర్చున్న కళ్లకి మానిటర్ ఉన్నదానికంటే ప్రకాశంగా అనిపిస్తుంది, దాంతో తెలియకుండానే వెలుగు తగ్గించేస్తారు. వెలుగుని గ్రాఫ్‌గా చూపించే వేవ్‌ఫామ్ గానీ, రంగులతో చూపించే ఫాల్స్ కలర్ గానీ చూసే నిర్ణయం తీసుకోండి.

తక్కువ వెలుగులో పని చేయడంలో నాకు బాగా ఇష్టమైన విషయం నటుల కళ్లు. మసక వెలుగులో కంటిపాపలు పెద్దవవుతాయి, క్లోజప్‌లో చూపు ఇంకా లోతుగా అనిపిస్తుంది. ఎక్కువ లైట్లు పెట్టి తర్వాత డీఐలో చీకటి చేస్తే ఇది రాదు. దూరపు నేపథ్యం సంగతీ అంతే. 2004లో హాలీవుడ్ సినిమా కొలాటరల్‌ని ఎక్కువ భాగం డిజిటల్‌లో తీసింది, రాత్రి లాస్ ఏంజెలెస్ ఆకాశంలో ఉండే ఆ వెలుగుని పట్టడానికే. కొన్ని ఇండోర్ సీన్లు మాత్రం 35 ఎంఎం మీద తీశారు. మీరూ రెండూ కలపొచ్చు, అందులో తప్పేమీ లేదు.

దర్శకుడు ఫిల్మే కావాలంటే 16 ఎంఎం జోలికి వెళ్లకండి, ఇంత చీకటికి గ్రెయిన్ మరీ ఎక్కువైపోతుంది. ఓటీటీలో కంప్రెషన్ తర్వాత అది ముద్దగా మారుతుంది. 35 ఎంఎం తీసుకుని, ముఖానికి 5 ఫుట్‌క్యాండిళ్లు ఇవ్వగలిగే చిన్న లైట్లు సిద్ధం చేసుకోండి. ముందుగా ఒక రాత్రి టెస్ట్ చేయండి. అదే నటుడు, అదే లెన్స్, ఫ్రేమ్‌లో ఒక బల్బు. ముఖాన్ని సరైన ఎక్స్‌పోజర్‌లో, తర్వాత ఒకటి, రెండు, మూడు స్టాపులు కింద, రెండు కెమెరాలతోనూ తీయండి. కలరిస్ట్‌తో గ్రేడింగ్ కూడా చేయించి, ల్యాప్‌టాప్‌లో కాకుండా థియేటర్ తెర మీద వేసి దర్శకుడికి చూపించండి. మూడు స్టాపుల కింద తీసిన షాట్లు ముందు వేయండి, ఆయన నిర్ణయం చాలావరకు అక్కడే తేలిపోతుంది.