కదిలే చుక్క ఆకాశం మధ్యలోనే ఎందుకు మాయమవుతుంది?

చీకటి పడ్డాక నింపాదిగా కదులుతూ వెళ్లి నడి ఆకాశంలోనే ఆరిపోయే ఆ చుక్క సాధారణంగా ఓ కృత్రిమ ఉపగ్రహం. అది భూమి నీడలోకి వెళ్లింది, అందుకే కనబడకుండా పోయింది.

ఉపగ్రహానికి మనకు కనిపించేంత సొంత వెలుగు ఉండదు. దాని మీద పడే ఎండే మనకు చుక్కలా మెరుస్తుంది. సాయంత్రం వాకిట్లో మసక చీకటి కమ్మినా, ఊరవతల కొండ కొమ్మున ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంటుంది చూడండి, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఎత్తు వందల కిలోమీటర్లు కాబట్టి, మనకు పొద్దుగూకి గంట దాటినా అక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నే తీసుకోండి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. సాయంత్రం పూట పడమటి వైపు నుంచి లేచి, తూర్పుకి వెళ్తూ వెళ్తూ కాస్త ఎర్రబారి, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. తెల్లవారుజామున ఇదే తిరగబడుతుంది: నీడలోంచి బయటికొస్తూ ఉన్నట్టుండి ఆకాశంలో పుట్టుకొస్తుంది.

చాలామంది దీన్ని చుక్క రాలిందనుకుంటారు. రాలే చుక్క, అంటే ఉల్క, సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో గీత గీసినట్టు మెరిసి పోతుంది; ఇది నిమిషాల తరబడి నడుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ లైట్లు మిణుకుమంటుంటే మాత్రం అది విమానమే.